"బాంబు మెయిల్లో వచ్చిందట": ఉగ్రవాదం పిల్లలకు ఎలా అర్థమవుతుంది

2023 డిసెంబరు 1, శుక్రవారం ఉదయం బెంగళూరులోని 40కి పైగా పాఠశాలలకు, ఆవరణలో బాంబులు పెట్టామని బెదిరిస్తూ ఈమెయిళ్లు వచ్చాయి. పిల్లలను తరగతి గదుల నుంచి బయటికి నడిపించి మైదానాల్లో కూర్చోబెట్టారు. బాంబు నిర్వీర్య దళాలు వచ్చి మూలమూలా వెతికాయి. తల్లిదండ్రులు ఆఫీసుల నుంచి పరుగున వెళ్లి పిల్లలను తెచ్చుకున్నారు. చివరికి అవన్నీ ఉత్తుత్తి బెదిరింపులేనని తేలింది.

మహదేవపుర వైపు మేముండే అపార్ట్‌మెంటులో నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం ఒకటి ఉంది. వాళ్ల అబ్బాయి అప్పుడు రెండో తరగతి. ఆ రాత్రి తల్లి ఆఫీసు పని చూసుకుందామని లాప్‌టాప్ తెరవబోతే, వాడు రెండు చేతులూ దాని మూత మీద పెట్టి గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. "వద్దమ్మా, తియ్యొద్దు" అన్నాడే తప్ప ఎందుకో చెప్పలేదు. సోమవారం ఉదయం ఆమె లాప్‌టాప్‌ను బ్యాగులో సర్దుకుంటుంటే అసలు సంగతి బయటపడింది. "మెయిల్లో బాంబు వచ్చిందని మిస్ చెప్పింది. నీకు రోజూ మెయిల్స్ వస్తాయి కదమ్మా" అంటూ ఏడ్చాడట.

ఆ మూడు రోజులూ ఇంట్లో అందరూ వాడికి చెబుతూ వచ్చిన మాట "అక్కడ బాంబు లేదురా, భయపడకు" అని. బడిలో బాంబు లేదన్న మాటను వాడు నమ్మాడు. వాడి లెక్కలో బాంబు ఉన్నది బడిలో కాదు, మెయిల్లో. పిల్లలు ఉగ్రవాదాన్ని ఎలా అర్థం చేసుకుంటారన్న ప్రశ్న ఇలాంటి చోటే మొదలవుతుంది: వాళ్లు విన్నది, మనం చెప్పామనుకున్నది ఒకటి కాకపోవచ్చు. ఆ తేడా వయసును బట్టి, ఊరిని బట్టి, ఇంట్లో వాడే మాటను బట్టి ఎలా మారుతుందో చూడటమే ఈ వ్యాసం పని.

పెద్దలకే కుదరని నిర్వచనం

ఉగ్రవాదానికి ప్రపంచ దేశాలన్నీ ఒప్పుకున్న నిర్వచనం ఈనాటికీ లేదు. అంతర్జాతీయ ఉగ్రవాదంపై ఒక సమగ్ర ఒడంబడిక ముసాయిదాను భారతదేశం 1996లోనే ఐక్యరాజ్యసమితి ముందు పెట్టింది. పరాయి పాలన మీద పోరాడేవారిని ఏమనాలి, సైన్యాల చర్యలను అందులో చేర్చాలా వద్దా అన్న చోట చర్చ చిక్కుకుపోయింది. మన దేశంలో యూఏపీఏ (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక) చట్టం 15వ సెక్షన్ ప్రకారం, దేశ ఐక్యత, సమగ్రత, భద్రత, సార్వభౌమత్వాలకు ముప్పు తెచ్చే ఉద్దేశంతో గానీ, ప్రజల్లో భయోత్పాతం కలిగించే ఉద్దేశంతో గానీ బాంబులు, ఆయుధాలు, మరే ప్రమాదకరమైన సాధనాలతోనైనా చేసే హింస ఉగ్రవాద చర్య అవుతుంది.

చట్టాల భాష పక్కన పెడితే, చాలా నిర్వచనాల్లో మూడు అంశాలు కలిసి కనిపిస్తాయి. హింస గానీ హింస చేస్తామన్న బెదిరింపు గానీ ఉండాలి. దెబ్బ తగిలినవాళ్లకంటే దాన్ని చూసి భయపడేవాళ్లే అసలు గురి అయి ఉండాలి. ఆ భయం ద్వారా సాధించదలచిన రాజకీయ, మత లేదా సిద్ధాంతపరమైన లక్ష్యం ఏదో ఉండాలి. ఇందులో మొదటిది మూడేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది. రెండోది అర్థం కావాలంటే, ఇక్కడ ఒకరిని కొట్టి, ఎక్కడో ఉన్న ముఖం తెలియని లక్షలమందిని బెదిరించవచ్చన్న ఊహ కావాలి. మూడోదానికి రాజ్యం, సరిహద్దు, మతం, చరిత్ర అనేవి కొంతైనా తెలిసి ఉండాలి. కాబట్టి ఏడేళ్లవాడికి అందే ఉగ్రవాదం మొదటి అంశం దగ్గరే ఆగిపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఒకే ఇంట్లో నాలుగు మాటలు

బెంగళూరులో పెరిగే తెలుగు పిల్లలు ఈ విషయాన్ని నాలుగు పేర్లతో వింటారు. ఇంట్లో తెలుగు వార్తల్లో "ఉగ్రవాది", వీధిలో కన్నడంలో "భయోత్పాదక", హిందీ ఛానళ్లలో "ఆతంక్‌వాదీ", బడిలో "టెర్రరిస్ట్". ఇవి అర్థంలో ఒకటే అయినా పిల్లల చెవికి ఒకటి కావు. కన్నడ మాటలో నిర్వచనం బయటికే కనబడుతుంది: భయాన్ని ఉత్పత్తి చేసేవాడు. తెలుగు మాటలో అది దాగి ఉంది, పైగా ఇంకో దారి పట్టిస్తుంది. మన పిల్లలు "ఉగ్ర" అన్న మాటను చాలావరకు మొదట వినేది ఉగ్రనరసింహుడి కథలో. అక్కడ ఉగ్రం దేవుడిది, చచ్చేది రాక్షసుడు. అహోబిలం వెళ్లివచ్చిన ఒక ఐదేళ్ల పాప "ఉగ్రవాదులు నరసింహస్వామి మనుషులా?" అని మా ఇంట్లోనే అడిగింది. నవ్వి ఊరుకోదగ్గ ప్రశ్నలా కనిపించినా, తనకు తెలిసిన ఒకే ఒక్క ఆధారం నుంచి ఆ పాప సరిగ్గానే తర్కించింది.

వయసు ఏం మారుస్తుంది

స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాన్ పియాజె 1932లో ప్రచురించిన పరిశోధనలో పిల్లలకు రెండు చిన్న కథలు చెప్పేవాడు. ఒక పిల్లవాడు భోజనాల గది తలుపు తోస్తే, దాని వెనక ఉందని వాడికి తెలియని పళ్లెం జారి పదిహేను కప్పులు పగిలాయి. ఇంకో పిల్లవాడు అమ్మ చూడకుండా జామ్ తీయబోతే ఒక్క కప్పు పగిలింది. ఎవరిది పెద్ద తప్పు? చిన్నపిల్లల్లో చాలామంది పదిహేను పగలగొట్టినవాడిదే అన్నారు, పెద్దపిల్లలు దొంగచాటుగా వెళ్లినవాడిది అన్నారు. నష్టం నుంచి ఉద్దేశానికి చూపు మరలడం వయసుతో జరుగుతుందని ఆయన తేల్చాడు. ఉద్దేశాన్ని స్పష్టంగా చెబితే మూడు నాలుగేళ్లవాళ్లు కూడా దాన్ని లెక్కలోకి తీసుకుంటారని తర్వాతి పరిశోధనలు చూపించాయి గనుక, పియాజె గీసిన గీత అంత గట్టిది కాదు. కానీ ఉగ్రవాద ఘటనల్లో ఉద్దేశమే కదా ఎవరికీ స్పష్టంగా కనబడనిది. అందువల్ల చిన్నపిల్లల చూపు పగిలిన కప్పుల మీదే నిలుస్తుంది.

2024 మార్చి 1న బ్రూక్‌ఫీల్డ్‌లోని రామేశ్వరం కెఫేలో బాంబు పేలి పలువురు గాయపడ్డారు. బ్యాగు వదిలి వెళ్లిన వ్యక్తి టోపీతో, మాస్కుతో నడిచి వెళ్తున్న సీసీటీవీ దృశ్యాలు రోజుల తరబడి టీవీల్లో తిరిగాయి. అతను ఇడ్లీ కూపన్ తీసుకున్నాడన్న సంగతి కూడా వార్తల్లో వచ్చింది. మా మెట్ల దగ్గర ఆడుకునే పిల్లల నోట అదే ఘటన మూడు రకాలుగా వినిపించింది. నాలుగేళ్ల పిల్లకు టోపీ పెట్టుకున్నవాళ్లంటే భయం పట్టుకుంది. మెయిల్ బాంబుకు భయపడిన మన రెండో తరగతి అబ్బాయికి సొంతదారు కనబడని బ్యాగు ఏదైనా అనుమానమే. తల్లి తన బ్యాగును కుర్చీలో పెట్టి చేతులు కడుక్కోవడానికి లేచినా ఒప్పుకునేవాడు కాదు. ఆరో తరగతి చదివే అమ్మాయి మాత్రం, "ఇడ్లీ తినడానికి వచ్చినవాళ్ల మీద అతనికి కోపమేంటి? వాళ్లెవరో అతనికి తెలియదు కదా" అంది. ఉగ్రవాదంలోని రెండో అంశం, అంటే దెబ్బ ఒకరికి, గురి మరొకరికి అన్నది, ఆ అమ్మాయి వాకిలి దాకా వచ్చి నిలబడింది.

పియాజె గమనించిన ఇంకో సంగతి మన ఇళ్లకు మరీ దగ్గరగా ఉంటుంది. తప్పు చేస్తే శిక్ష దానంతటదే వచ్చి పడుతుందని చిన్నపిల్లలు నమ్ముతారు. దొంగతనం చేసి పారిపోతున్నవాడి కాలి కింద వంతెన విరిగితే, దొంగిలించాడు కాబట్టే విరిగిందంటారు. "లెంపలేసుకో, లేకపోతే కళ్లు పోతాయి" అని వింటూ పెరిగిన పిల్లలకు ఈ తర్కం వేరే నేర్పనక్కర్లేదు. గాయపడ్డవాళ్లు ఏం తప్పు చేశారని ఆ వయసువాళ్లు అడిగితే, అది నిర్దయ కాదు. లోకం న్యాయంగానే నడుస్తుందన్న నమ్మకాన్ని వాళ్లు వదులుకోలేకపోతున్నారు.

ఎంత దగ్గర, ఎంతసేపు టీవీ ముందు

అమెరికాలో ఓక్లహోమా సిటీ ప్రభుత్వ భవనాన్ని 1995 ఏప్రిల్ 19న పేల్చినప్పుడు చనిపోయిన 168 మందిలో 19 మంది పిల్లలు. అక్కడి పిల్లల మీద మానసిక వైద్యురాలు బెట్టీ ఫెఫర్‌బామ్ బృందం ఏళ్ల తరబడి పని చేసింది. సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆరో తరగతి పిల్లలను రెండేళ్ల తర్వాత అడిగినా, కొందరిలో ఆ ఘటన తాలూకు కలత ఇంకా మిగిలే ఉంది. వాళ్లు పేలుడును చూడలేదు, వినలేదు. వార్తల ద్వారా, తెలిసినవాళ్ల ద్వారా అది వాళ్ల ఇళ్లలోకి వచ్చింది.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత కొద్ది రోజులకే అమెరికా అంతటా పెద్దలతో ఫోనులో జరిపిన ఒక సర్వేలో, పిల్లలు ఆ రోజు సగటున మూడు గంటలు ఆ వార్తలు చూశారనీ, 35 శాతం పిల్లల్లో ఒత్తిడి లక్షణం ఒకటైనా కనిపించిందనీ తల్లిదండ్రులు చెప్పారు. టీవీకి అడ్డు చెప్పని ఇళ్లలో చూసిన గంటలు పెరిగిన కొద్దీ లక్షణాలూ పెరిగాయి. ఇక్కడ తొందరపడి టీవీయే కారణమనడానికి లేదు. అప్పటికే కలత చెందిన పిల్లలు టీవీ ముందు నుంచి లేవలేకపోయి ఉండవచ్చు. ఆర్నెల్ల తర్వాత న్యూయార్కులో 4 నుంచి 12 తరగతుల వరకు 8,236 మంది విద్యార్థులను పరీక్షించినప్పుడు, 28.6 శాతం మందిలో ఆందోళన లేదా కుంగుబాటుకు చెందిన రుగ్మత ఏదో ఒకటి ఉండవచ్చని తేలింది. అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది రైళ్లు, బస్సులు, రద్దీ ప్రదేశాలంటే తప్పించుకు తిరిగే భయం.

ఇంకో చిన్న విషయం చాలామంది మనస్తత్వవేత్తలు ఆనాడే గుర్తించారు. భవనాన్ని విమానం ఢీకొన్న దృశ్యాన్ని టీవీలో తిప్పి తిప్పి చూపిస్తుంటే, చిన్నపిల్లలు కొందరు ప్రతిసారీ ఒక కొత్త భవనం కూలుతోందనుకున్నారు. "మళ్లీ చూపిస్తున్నారు" అన్న సంగతి పెద్దలకు చెప్పనక్కర్లేదు, పిల్లలకు చెప్పాలని ఎవరికీ తట్టలేదు.

భయానికి ముఖం ఎక్కడి నుంచి వస్తుంది

ఇంతవరకు చెప్పుకున్నదంతా సంస్కృతులు మారినా పెద్దగా మారదు. అమ్మానాన్నలకు ఏమీ కాదు కదా అన్న ప్రశ్న పెషావరులోనైనా పారిస్‌లోనైనా ఒకటే. మారేది, ఆ భయానికి పిల్లలు అతికించే ముఖం. నా దృష్టిలో ఈ విషయంలో అసలైన చిక్కు ఇక్కడే ఉంది.

ఉత్తర ఐర్లండ్‌లో క్యాథలిక్, ప్రొటెస్టెంట్ వర్గాల మధ్య దశాబ్దాలపాటు సాగిన హింస 1998 ఒప్పందంతో చాలావరకు అణిగింది. ఆ తర్వాత పాల్ కోనలీ అనే పరిశోధకుడి బృందం మూడు నుంచి ఆరేళ్ల వయసు పిల్లలు 352 మందితో మాట్లాడి 2002లో ఫలితాలు ప్రకటించింది. మూడేళ్లవాళ్లకే ఏ జెండా, ఏ రంగులు నచ్చాలో తెలుసు. ఆరేళ్లకు మూడో వంతు మంది తాము ఏ వర్గమో చెప్పగలిగారు. 15 శాతం మంది ఎదుటి వర్గం గురించి ద్వేషపు మాటలన్నారు. ఇజ్రాయెల్‌లో డానియెల్ బార్‌టాల్ చేసిన అధ్యయనాలు కూడా ఇలాంటిదే చూపాయి: "అరబ్బు" అంటే ఎవరో వివరించలేని పసివయసులోనే యూదు పిల్లలు ఆ మాటకు చెడును జతచేస్తున్నారు. సరిహద్దుకు అవతల పాలస్తీనా పిల్లలకు తుపాకీ పట్టిన మనిషంటే ముందుగా గుర్తొచ్చేది ఇజ్రాయెల్ సైనికుడు. రెండు చోట్లా పిల్లలకు అర్థమైన భయం ఒకటే. ముఖాలు మాత్రం తారుమారయ్యాయి.

పెషావరులో 2014 డిసెంబరు 16న సైనిక పాఠశాలపై దాడి జరిగి 130 మందికి పైగా పిల్లలు చనిపోయాక, పాకిస్తాన్ పిల్లలకు ఆ ముఖాన్ని వేరు చేసి చూపడం కష్టమైంది. చంపినవాళ్లు తమ మతం పేరే చెప్పుకున్నారు. చాలా బడులకు గోడలు ఎత్తు పెంచారు, పైన ముళ్ల తీగలు వేశారు. అక్కడి పిల్లలకు ఉగ్రవాదమంటే ముందుగా ఆ గోడ. నార్వేలో 2011 జూలై 22న 77 మందిని చంపినవాడు ఆ దేశస్థుడే. అయినా, అతనెవరో తెలియని మొదటి గంటల్లో ఓస్లో వీధుల్లో కొందరు ముస్లింలు తిట్లు, బెదిరింపులు ఎదుర్కొన్నారు. ముఖం ముందే సిద్ధంగా ఉంది, ఘటన తర్వాత వచ్చింది.

2015 నవంబరులో పారిస్ దాడుల తర్వాత ఒక చిన్నపిల్లవాడు తండ్రి ఒళ్లో కూర్చుని టీవీ విలేకరితో మాట్లాడిన దృశ్యం ప్రపంచమంతా చూసింది. చెడ్డవాళ్ల దగ్గర తుపాకులున్నాయి, మనం ఇల్లు మారాలి అంటాడు వాడు. మన దగ్గర పువ్వులున్నాయి అంటాడు తండ్రి. పువ్వులు ఏమీ చేయవు కదా అంటాడు పిల్లవాడు, ఆ వయసు తర్కంతో. నివాళిగా పెట్టిన పూలను, కొవ్వొత్తులను తండ్రి చూపించాక, అవి తమను కాపాడటానికే అన్న అర్థానికి వచ్చి వాడు ఊరట పొందుతాడు. మన ఇళ్లలో నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీసి, ఆంజనేయస్వామిని తలుచుకోమని చెప్పడం కూడా ఈ పనే చేస్తుంది. రెండింటిలోనూ కారణం గురించిన వివరణ ఏదీ లేదు, చుట్టూ మనవాళ్లున్నారన్న భరోసా మాత్రం ఉంది.

బెంగళూరు బడులకు తిరిగి వస్తే, "దొంగా పోలీసు" ఆట ఇప్పుడు చాలా చోట్ల "టెర్రరిస్ట్ పోలీసు" అయింది. మా కింది అంతస్తులో ఉండే ఒక ముస్లిం కుటుంబంలోని ఐదో తరగతి అబ్బాయిని 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపిన తర్వాతి వారాల్లో ఆటలో ప్రతిసారీ టెర్రరిస్టుగానే ఉండమన్నారు. మూడు రోజులు ఆడి నాలుగో రోజు నుంచి కిందికి దిగడం మానేశాడు. ఆటకు పిలిచినవాళ్లు పదేళ్లవాళ్లు. దానిలో అవమానం ఉందని వాళ్లలో సగం మందికైనా తెలిసి ఉండదు. కానీ చంపినవాళ్లంటే వాళ్లకు ఎంత భయమో, ఆ అబ్బాయికీ అంతే భయం. దానికి తోడు ఆ ముఖం తనదేనని చెబుతున్నవాళ్లను రోజూ చూడాల్సి రావడం వాడికి అదనంగా పడిన బరువు. ఉగ్రవాదాన్ని పిల్లలు ఎలా అర్థం చేసుకుంటారన్న చర్చల్లో ఈ రెండో భయం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. అది నాకు చాలా బాధ కలిగిస్తుంది.

అన్న, తీవ్రవాది, విప్లవవీరుడు

పిల్లలు పన్నెండు పదమూడేళ్లకు వచ్చేసరికి ఇంకో ముడి ఎదురవుతుంది. "భగత్ సింగ్ బాంబు వేశాడు కదా, మరి ఆయనను టెర్రరిస్ట్ అనాలా?" 1929 ఏప్రిల్ 8న కేంద్ర శాసనసభలో భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ బాంబులు విసిరింది నిజం. మనుషులు లేని చోటు చూసి విసిరామని, చెవిటి ప్రభుత్వానికి వినిపించడానికే ఆ పని చేశామని వాళ్లు చెప్పారు, పారిపోకుండా పట్టుబడ్డారు. అంతకుముందు 1928లో సాండర్స్ అనే పోలీసు అధికారిని కాల్చి చంపిన కేసులో భగత్ సింగ్‌ను 1931లో ఉరి తీశారు. బ్రిటిష్ రికార్డులు ఆయన వంటివాళ్లను టెర్రరిస్టులనే రాశాయి. 1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసి తుపాకులు తీసుకెళ్లిన అల్లూరి సీతారామరాజు ఆ పాలకులకు పితూరీదారు, అంటే తిరుగుబాటుదారు, మనకు మన్యం వీరుడు.

తెలుగువాళ్లకు దీనికంటే దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. ఒకే మనుషులను ఒక ఊళ్లో "అన్నలు" అన్నారు, పత్రికల్లో "తీవ్రవాదులు", "నక్సలైట్లు" అని రాశారు. బంధువుల్లో ఒకరిని పోలీసు ఎన్‌కౌంటర్లో పోగొట్టుకున్న ఇల్లు, ఒకరిని మందుపాతరలో పోగొట్టుకున్న పోలీసు ఇల్లు పిల్లలకు ఒకే మాట నేర్పవు. చెన్నైలో పెరిగే పిల్లలు శ్రీలంక తమిళుల పోరు గురించి "పోరాళి" అన్న గౌరవపు మాటను, 1991లో శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య గురించి మరో మాటను, కొన్నిసార్లు ఒకే భోజనాల బల్ల దగ్గర వింటారు. పేరు చెప్పేవాడు ఎటువైపు నిలబడ్డాడన్నదాన్ని బట్టి పేరు మారుతుందని వాళ్లకు పాఠ్యపుస్తకం కంటే ముందే తెలుస్తుంది. గురి ఎవరు, సామాన్యులను చంపడం ఉద్దేశమా కాదా అని అడిగి తేడా చూపవచ్చన్నది ఒక వాదన. ఆ కొలత పెడితే రాజ్యాలు చేసిన హింసలో కొంత కూడా దాని కిందికే వస్తుందన్నది దానికి ఎదురువాదన. పదమూడేళ్లవాళ్లు ఈ రెండింటినీ పట్టుకోగలరు.

పరిశోధకులు ఏకీభవించని చోట్లు

వయసే ప్రధానమనేవారికి, పరిసరాలే ప్రధానమనేవారికి మధ్య ఉన్న తగవు పాతది. రెండు పక్షాలూ ఒప్పుకోవడానికి వీలున్న మాట ఒకటుంది: ఉద్దేశం అనేది ఉంటుందని గ్రహించే శక్తి వయసుతో వస్తుంది, ఆ ఉద్దేశం ఎవరిదో చెప్పేది పరిసరం. ఇంకా లోతైన తగవు కొలత గురించి. మన చేతిలో ఉన్న లెక్కల్లో ఎక్కువ భాగం అమెరికా, యూరప్, ఇజ్రాయెల్ పిల్లలవి. ఒక భయంకర ఘటన జరిగిపోయింది, ఆ తర్వాత లక్షణాలు మిగిలాయి అన్న నమూనా మీద ఆ లెక్కలు తీసే ప్రశ్నపత్రాలు తయారయ్యాయి. పాలస్తీనా మానసిక వైద్యురాలు సమా జబ్ర్ దీన్ని ప్రశ్నించారు: హింస ఆగని చోట "తర్వాత" అనేది ఎక్కడుంది? అక్కడి పిల్లలు నిద్రలో ఉలిక్కిపడితే అది జరిగిపోయినదాని జ్ఞాపకం కాదు, జరగబోయేదాని అంచనా. మరోవైపు, ఆ ప్రశ్నపత్రాలే లేకపోతే న్యూయార్కు పిల్లల భయాలు ఎవరి కంటా పడేవి కావన్నదీ నిజమే.

పిల్లలకు చెప్పాలా దాచాలా అన్నది ఇళ్లలో జరిగే తగవు. "పసివాళ్లకు ఆ మాటలెందుకు నాయనా" అనే నాయనమ్మది అజ్ఞానమేమీ కాదు. పెద్దల కలత పిల్లలకు అంటుకుంటుందని ఆమెకు అనుభవం చెప్పింది, సర్వేలు కూడా తల్లిదండ్రుల ఒత్తిడీ పిల్లల ఒత్తిడీ కలిసి కనిపిస్తాయనే చెప్పాయి. చెప్పాలనేవారి బలం మెయిల్ బాంబు లాంటి సంగతుల్లో ఉంది: ఖాళీగా వదిలిన చోటును పిల్లలు తమకు తెలిసినదానితో నింపుకుంటారు, అది నిజం కంటే భయంకరంగా ఉండవచ్చు.

2025 జూలై 18న బెంగళూరులో దాదాపు 40 పాఠశాలలకు మళ్లీ అలాంటి మెయిళ్లు వచ్చాయి, మళ్లీ ఉత్తుత్తివే. మన అబ్బాయి అప్పటికి నాలుగో తరగతిలో ఉన్నాడు, చెల్లెలు అదే బడిలో ఎల్‌కేజీలో చేరింది. సాయంత్రం చెల్లెలి బెంగ అంతా తరగతి గదిలోనే వదిలి వచ్చిన టిఫిన్ డబ్బా గురించి. అన్న ఈసారి లాప్‌టాప్ జోలికి పోలేదు. తల్లి పక్కన చాలాసేపు కూర్చుని, "బాంబు పెట్టనివాడు పెట్టానని ఎందుకు రాస్తాడమ్మా? మనం భయపడితే వాడికేం వస్తుంది?" అని అడిగాడట. ఆమె ఆ ప్రశ్నను లిఫ్టులో నాకు చెప్పి, నాలుగో అంతస్తు వచ్చినా దిగకుండా నా ముఖం చూస్తూ నిలబడింది.